ఉండలు తీసే పెద్దమ్మ

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కాకపోతే ఆమె గురించి మంచి చెప్పాలంటే నా గురించి కొంత చెడ్డ చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఇన్ని నెలలు వాయిదా వేశాను. ఇంకో కారణం కూడా ఉంది, ఓపిక లేకపోవడం. ఆసుపత్రిలో డ్యూటీ, ఇంటికొస్తే వంట, వంటయితే బట్టలు. ఎక్కడి గొంగళి అక్కడే.

పోయిన ఆదివారం మా అమ్మాయి ఫోనులో చూసి ఒక మిషను తెప్పించుకుంది. బట్టల మీద లేచే ఉండలు తీసే మిషనట. బ్యాటరీ వేస్తే గుర్రుమని తిరుగుతుంది. దాన్ని తీసుకుపోయి ఇష్టమైన టాపు మీదే పెట్టింది. రెండు నిమిషాలు కాలేదు, చంక దగ్గర శనగగింజంత బొక్క పడింది. ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చింది. నాకు తిట్టే ఓపిక కూడా లేదు. సగం బ్లేడూ ఒక చెంబూ ఉంటే పోయేదానికి ఈ గుర్రుగుర్రు ఎందుకే అన్నాను. నోరు జారింది. చెంబెందుకమ్మా అని అడిగింది. ఇక చెప్పక తప్పలేదు.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. మా చర్చి వీధిలో ఆమెను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. మా అమ్మకూ పెద్దమ్మే, నాకూ పెద్దమ్మే. వరస ఎట్లా కుదిరిందని ఎవరూ ఆలోచించలేదు. పొడుగు మనిషి, ఎండిన కంది కట్టెలాగా ఉండేది. చెనిక్కాయలు పీకే రోజుల్లో చేనికి పోయేది, మిగతా రోజుల్లో కలుపుకు పోయేది. సాయంత్రం వచ్చి మొహం కడుక్కుని వాకిట్లో కూర్చుంటే, చేతిలో ఎవరిదో ఒకరిది గుడ్డ ఉండేది.

మనిషి ఎదురైతే అందరూ మొహం చూస్తారు. ఆమె చంక చూసేది. అక్కడి నుంచి నడుము పక్కకు దిగేది, గంప ఆనించుకునే చోటుకు. ఆ తర్వాత మోచేతులు. ఇవన్నీ అయ్యాక మొహం. అప్పుడు "ఏం పాపా, బాగుండావా?" అని అడిగేది. కొత్తగా వచ్చిన కోడళ్లు ఈమెకేం పోయేకాలం, ఇట్లా చూస్తుంది అని కొంగు లాక్కునేవాళ్లు. నెల తిరక్కముందే వాళ్లే చీర మడత చంకలో పెట్టుకుని ఆమె వాకిట్లో నిలబడేవాళ్లు.

నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డకు ఈ రోగం ఎక్కువ. రాపిడి తగిలిన చోటల్లా నూగు పైకి లేచి, చుట్టుకుని ఉండలు కడుతుంది. గుడ్డ చిరగదు, రంగు పోదు. అయినా చూడగానే పాతది అని తెలిసిపోతుంది. ఊరికే చేత్తో పీకితే ఇంకా దారం బయటికి వస్తుంది, నాలుగు రోజులకు దానికి రెట్టింపు ఉండలు లేస్తాయి. పెద్దమ్మ చెయ్యి ఎప్పుడూ పీకలేదు. గడ్డం గీసుకుని పారేసిన బ్లేడును సగానికి విరిచి, అరిగిపోయిన చెప్పు రబ్బరు ముక్కలో గుచ్చి పెట్టుకునేది. గుడ్డ లోపలికి చెంబు దూర్చి, దాని బొజ్జ మీద బిగుతుగా లాగి పట్టేది. చంక దగ్గర చదునుగా పరవడానికి ఇంకో దారి లేదు. తర్వాత బ్లేడును దాదాపు పడుకోబెట్టి, ఒకే వైపుకు, గాలి తోసినట్టు తోసేది. కుట్టు దగ్గరికి వస్తే ఆగిపోయేది. తడిగుడ్డ ముట్టేది కాదు. పల్చటి గుడ్డకు బ్లేడు కూడా వద్దని, పేల దువ్వెన పెట్టి మెల్లగా దువ్వేది. అయిపోయాక అరచెయ్యి తడి చేసుకుని ఒక్కసారి నిమిరితే, ఆ నూగంతా చేతికి అంటుకుని వచ్చేది.

బ్లేడు పండుకోవల్ల, నిలబడగూడదు అనేది. అది ఆమె పాఠం. ఇంకో పాఠం, ఉతికేటప్పుడు గుడ్డను తిరగేయాలని. బండ మీద బాదేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. ఒకసారి మా అమ్మ నా లంగాను బ్రష్షు పెట్టి రుద్దుతుంటే వచ్చి చేతిలో నుంచి బ్రష్షు లాక్కుని, దాన్ని చూరులో దోపి పోయింది. మా అమ్మ ఆ చూరు వైపు చూసి, ఈమెతో నాకు తలప్రాణం తోకకొస్తోంది అని గొణిగింది. బ్రష్షు మాత్రం కిందికి దించలేదు.

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకుని పోవాలి. ముందుకు వెళ్లి వరసగా మోకరిస్తే, వెనక కూర్చున్న వాళ్లకు కనిపించేవి వీపులూ నడుములే. పెద్దమ్మ అందరికంటే వెనక కూర్చునేది. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆమె కళ్లు తెరిచే ఉండేవి. చర్చి వదిలాక చెప్పులు తొడుక్కునే చోట ఒకరి మోచెయ్యి పట్టుకుని, సాయంత్రం ఆ చీర ఇటు తీసుకురా అని చెవిలో చెప్పేది. ఎవరి ముందూ పైకి అనేది కాదు. దేవుని ముందర ఈ చూపులేంది పెద్దమ్మా అని ఒకసారి నేనే ఆటపట్టించాను. దేవుడు మన మొహం పక్క ఉంటాడు, ఊరు వీపు పక్క ఉంటాది, నేను ఊరి పక్కన కూచున్నా అంది.

ఊరంటే ఆమెకు ఎందుకంత పట్టింపో చెప్పాలి. క్రిస్మసుకు ముందు టౌను చర్చివాళ్లు ఏటా ఒక మూట పంపేవాళ్లు. వాడేసిన చీరలు, ప్యాంట్లు, స్వెట్టర్లు. మంచి మనసుతోనే పంపేవాళ్లు, కాదనను. మా వీధిలో పంచేవాళ్లు. పండగ దాటి మరుసటి రోజు వాటిని కట్టుకుని ఊర్లోకి కూలికి పోతే, పెద్దిళ్ల అరుగుల మీద కూర్చున్న వాళ్లు ఒకసారి ఎగాదిగా చూసి, ఏమ్మే మూటొచ్చిందా అని అడిగేవాళ్లు. అంతే. తిట్టేవాళ్లు కాదు, కొట్టేవాళ్లు కాదు. ఆ ఒక్క మాటకు కట్టుకున్న చీర ఒంటి మీద ముళ్లకంపలా అయ్యేది.

ఆ మాట ఆమె ఎన్నిసార్లు పడిందో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేటప్పటికి మాత్రం మూట ముందు ఆమె ఇంటికి పోవడం రివాజు అయింది. వారం రోజులు ఆమె దగ్గరే ఉండేది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని ఒక్కొక్క గుడ్డా తిరగేసి, ఉండలు తీసి, గుండీలు మార్చి, మడతలు పెట్టి అప్పుడు చర్చికి పంపేది. ఒక సంవత్సరం కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు తొందరపడ్డారు. ఊరికే వచ్చిన బట్టలకు ఇన్ని వంకలేమిటమ్మా అన్నారు.

"ఇచ్చినోళ్ల పున్నెం వాళ్లకు అప్పుడే చేరింది అయ్యగారూ. ఏసుకున్నోళ్లు ఊర్లో తిరగల్ల గదా. ఇచ్చిన గుడ్డ అని తెలీగూడదు."

ఆ ఏడు కూడా మూట వారం తర్వాతే చర్చికి పోయింది.

నాకు కడపలో నర్సు ట్రైనింగు సీటు వచ్చిన ఏడాది, ఆ మూటలోనే ఒక నీలం చుడీదారు వచ్చింది. నాకు సరిపోయే గుడ్డ అదొక్కటే. మంచి గుడ్డే గానీ ఎడమ పక్కంతా ఉండలే, దాన్ని వేసుకున్న అమ్మాయి సంచి అటు తగిలించుకునేదేమో. పెద్దమ్మ ఆ రోజు చేనికి పోలేదు. పొద్దున్నే చెంబు, బ్లేడు పెట్టుకుని కూర్చుని, మధ్యాహ్నం దాకా లేవలేదు. నేను పక్కన కూర్చుని సద్ది తింటూ చూశాను. నా వంతు సాయం అదే. సంగటి ముద్ద తెచ్చిస్తే నూగు అంటుకున్న చేత్తో తీసుకోనని, పక్కన పెట్టమంది. చివరికి గుడ్డను ఎండకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి అటూ ఇటూ తిప్పి చూసింది. నా ఒంటికి ఆనించింది. నవ్వలేదు. ఆమె పని అయ్యాక నవ్వడం నేను చూడలేదు, అలసిపోయి ఉండేది.

హాస్టల్లో రెండో రోజే ఒక అమ్మాయి ఆ చుడీదారు ఏ అంగట్లో కొన్నావు అని అడిగింది. ప్రొద్దుటూరులో అని అబద్ధం చెప్పాను. గర్వంగా చెప్పాను. ఆ మాట అడిగించుకోవడం కోసమే ఒకరు ఒక పూట కూలి వదులుకుని కూర్చున్నారని అప్పటికి నాకు తట్టలేదు. సెలవులకు వచ్చి పెద్దమ్మకు చెబితే, సంచి ఏ భుజానికి వేసుకుంటున్నావు అని అడిగింది. ఎడమకు అన్నాను. వారానికొకసారి మార్చుకో అంది. అంతే.

తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్ల. కడపలోనే స్థిరపడ్డాను. ఆసుపత్రిలో నన్ను ఐసీయూలో వేశారు. అక్కడ పన్నెండు నెలలూ ఏసీ, బయట ఎండ పేలిపోతున్నా లోపల స్వెట్టరు వేసుకోవాలి. అట్లా ఇష్టపడి కొనుక్కున్న స్వెట్టరు ఒకటి ఉండేది. బూడిద రంగు. దాని మీద అదే రంగు ఉన్నితో మిరియపు గింజలంత చిన్న ముడులు వరసలు వరసలుగా అల్లి ఉండేవి, ముందూ వెనకా చేతుల మీదా. అదే దాని డిజైను. వేసి వేసి, చేతులు కొంచెం సాగాయి.

మొన్నటి క్రిస్మసుకు కాదు, దాని ముందటి క్రిస్మసుకు ఊరికి పోతూ బీరువా సర్దాను. సాగిన ఆ స్వెట్టరు, రెండు పాత చీరలు, నా టాపులు మూడు ఒక ప్లాస్టిక్ కవరులో కుక్కాను. చీరలకూ టాపులకూ ఉండలు ఉన్నాయి. మడత పెట్టేటప్పుడు చూశాను. చూడలేదని ఇప్పుడు చెప్పుకుంటే ఎవరికీ తెలియదు గానీ, చూశాను. పల్లెలో ఎవరు చూస్తారులే అనుకున్నాను. చర్చి దగ్గర ఆ కవరు పెద్దమ్మ చేతిలో పెట్టి, చలికి వేసుకో, టాపులు నీ మనవరాలికి ఇయ్యి అని చెప్పి, బస్సు టైమవుతోందని వచ్చేశాను. ఆమె కవరులోకి చూడలేదు. నా చంక వైపు కూడా చూడలేదు. చూపు అప్పటికే మందగించింది. ఆపరేషను చేయించుకోమంటే, కండ్లు పోతే పోనీ వేళ్లు ఉండాయి గదా అనేది. నిజమే, గుడ్డ మీద వేలు పెడితే ఎక్కడ ఏముందో ఆమె చెప్పగలిగేది. అదొక్కటే ధైర్యం ఆమెకు. చేనికి పోవడం మానేసింది, నడుము వంగింది, వీధిలో వాళ్లు మాత్రం ఇంకా గుడ్డలు తెచ్చి ఇస్తూనే ఉన్నారు.

రెండు నెలలకు మళ్లీ పోయాను. వాకిట్లో కూర్చుని ఉంది. ఆ స్వెట్టరు వేసుకుని ఉంది. దగ్గరికి పోయేదాకా నాకు ఏం జరిగిందో అర్థం కాలేదు. స్వెట్టరు చదునుగా, బోడిగా ఉంది. ఒక్క ముడి లేదు. ముడులున్న చోటల్లా చిన్న చిన్న రఫూ కుట్లు, వందలు ఉంటాయేమో, ఇంట్లోవాళ్లు వెతికి ఇచ్చారేమో, ఇంచుమించు అదే రంగు దారంతో. ఉండలనుకుని డిజైను మొత్తం గీకేసింది. గీకితే బొక్కలు పడ్డాయి, పడిన బొక్కనల్లా కుట్టింది.

మొదట నవ్వొచ్చింది. అబద్ధమెందుకు, గట్టిగా నవ్వబోయాను కూడా. అప్పుడు ఆమె నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ స్వెట్టరు నువ్వు ఏసుకునిందేనా పాపా?"

నాదే అన్నాను.

"ముందరా ఎనకా, చేతులకు గూడా, యాడా జాగా ఇడిసిపెట్టకుండా ఉండలు. నా బతుకులో ఇన్ని చూడలే. నాలుగు దినాలు పట్టింది నాకు. గుడ్డ గూడా చీకిపోయినట్టుండాది, ముట్టుకుంటే బొక్క."

నేను నోరు తెరిచాను. పెద్దమ్మా అవి ఉండలు కాదు, అల్లిక అని చెప్పేదాన్నే. వెనక గడప దగ్గర పెద్దమ్మ కోడలు నిలబడి ఉంది. నన్ను చూసి వద్దని తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయికి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె గీకుతున్నప్పుడే చూశారు, చెప్పలేకపోయారు. చెబితే ఏమవుతుందో నాకూ తెలిసింది. కళ్లు పోయాక ఆమెకు మిగిలినవి ఆ వేళ్లే. అవి మోసం చేశాయని తెలిస్తే, రేపటి నుంచి ఎవరి గుడ్డ మీదా బ్లేడు పెట్టదు. ఆ వాకిట్లో కూర్చోవడమే మానేస్తుంది. చెప్పకపోతే నేను ఆమె దగ్గర దోషిగా మిగిలిపోతాను. అంతే తేడా.

మూసుకున్నాను నోరు.

పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. గొంతు పెంచలేదు. అలసిపోయిన గొంతుతోనే అడిగింది.

"నీలం గుడ్డకు ఆ పొద్దు నేను కూచున్యా గదా. నాకు ఇచ్చే ముందర నువ్వు ఒక్క పూట కూచోలేకపోతివా?"

"డ్యూటీలు శానా ఉంటాయి పెద్దమ్మా. ఓపిక ఉండడంల్యా."

"ఓపిక లేకుంటే ఇయ్యొద్దు పాపా. ఇయ్యకపోతే ఎవురూ ఏమీ అనుకోరు."

స్వెట్టరు సంగతిలో నేను నిర్దోషిని, నిజమే. చీరల సంగతిలో? టాపుల సంగతిలో? ఆమె అడిగినదాంట్లో తప్పు ఒక్క ముక్క లేదు. తప్పు గుడ్డ చూపించి సరైన తప్పే పట్టుకుంది. ఆ తర్వాత ఆమె మామూలుగానే మాట్లాడింది, కాఫీ తాగి పొమ్మంది, మా అమ్మాయి చదువు అడిగింది. బస్సులో కూర్చున్నా ఎర్రగుంట్ల దాటేదాకా ఆ మాటే. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఒక్కదాన్ని ఎన్నిటికని కూర్చోవాలి అని. కోపం రెండు రోజులకు పోయింది.

మళ్లీ పోదాం, ఏదైనా చక్కగా చేసి తీసుకుపోదాం అనుకుంటూనే ఆరు నెలలు గడిపాను. వానాకాలంలో కోడలు ఫోను చేసింది. పదిరోజులు మంచాన ఉండి, తెల్లవారుజామున పోయిందట. సమాధి చేసే రోజు పోయాను. ఆ బోడి స్వెట్టరు ఆమె ఒంటి మీదే ఉంది. ఒంట్లో చలి పోవడం లేదని చివరి రోజుల్లో విప్పనివ్వలేదట, పెట్టెలో కూడా దాంతోనే పడుకోబెట్టారు.

మా వైపు జ్ఞాపక కూటం అయ్యాక పోయినవాళ్ల బట్టలు అవసరమున్న వాళ్లకు ఇచ్చేస్తారు. కోడలికి ముందే చెప్పాను, వాటిని ఎవరికీ ఇవ్వొద్దు, నేను వస్తాను, ఉండలన్నీ తీసి నేనే ఇస్తాను అని. సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి ఒక రోజు సెలవు తీసుకున్నాను. పొద్దున మొదటి బస్సుకు పోయాను. కొత్త బ్లేడు తీసుకుపోయాను. వాళ్లింట్లో చెంబు అడిగి తీసుకుని, వాకిట్లో చాప వేసుకుని, బట్టల మూట ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి చీర విప్పాను. నడుము దగ్గర ఆనించే చోటు చూశాను. లేవు. కొంగు చివర చూశాను, లేవు. రెండోది విప్పాను. బల్లకు కట్టే తెల్లచీర విప్పాను. జాకెట్లకు చెంబు దూర్చి చంకలు చూశాను. కళ్ల మీద నమ్మకం లేక, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. ఒక్కటీ లేదు. కుట్లు ఊడినచోట కుట్టి ఉంది, లేని గుండీ పెట్టి ఉంది.

కోడలు గడప మీద కూర్చుని చూస్తోంది.

"మంచాన పడకముందర వారం దినాలు ఇదే పని అక్కా. వద్దు అత్తా, మేము చూసుకుంటాం లే అంటే ఇనలే. మీకు యాడ ఓపిక ఉంటాదిలే అన్నింది."

బట్టలు ఎట్లా ఉన్నవి అట్లాగే మడిచాను. కోడలు వాటిని తీసుకుని లోపలికి పోయింది. అప్పటికి ఇంకా పదకొండు కూడా కాలేదు. నా బస్సు మధ్యాహ్నం మూడింటికి. ఒక పూట కూర్చుందామని వచ్చాను, కూర్చున్నాను. చేతులకు పని లేదు.